పిట్ట గొంతులో సైలెన్సర్

జావాలోని పుర్బలింగలో పుట్టినవాడికి రెండు విద్యలు ఉగ్గుపాలతో వస్తాయి. ఒకటి బండ్లకి సైలెన్సర్లు చెయ్యడం. రెండోది మనసులో ఉన్న మాట మొహమ్మీద అనెయ్యడం. కుస్వాదికి రెండూ వచ్చాయి. రానిదల్లా ఒక్కటే, ఎదుటివాడు అనకుండా అన్నది వినడం. అలాంటి మనిషి పోయిపోయి సోలో ఊరి పిల్లని పెళ్ళి చేసుకున్నాడు.

సోలో వాళ్ళ సంగతి ఏం చెప్పమంటారు! మీ బండి చక్రం వాళ్ళ కాలి మీదకి ఎక్కిందనుకోండి, "తొందరేం లేదు, నిదానంగానే కానివ్వండి" అంటారు. నేనూ పుర్బలింగ వాణ్ణే కాబట్టి నా మాటలో కొంచెం ఉక్రోషం వినిపిస్తే ఏమీ అనుకోకండి. మా యాస వింటే చాలు వాళ్ళకి నవ్వొస్తుంది. ఆ నవ్వు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని మర్యాదగా నవ్వుతారు. అదే ఒళ్ళు మండిస్తుంది.

కుస్వాది పెరిగిన వీధిలో ఇంటింటి వెనకా ఒక కొలిమి ఉండేది. పైపులో ఎండు ఇసుక దట్టించి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచేవాళ్ళు. ఇసుక ఉంటే వంపులో పైపు నొక్కుకుపోదు. తెల్లారింది మొదలు రేకు మీద సుత్తి దెబ్బలే. "మా వీధిలో ఎవడింట్లోంచైనా చప్పుడు రాకపోతే పోయాడేమోనని వెళ్ళి చూసొచ్చేవాళ్ళం" అని చెప్పేవాడు కుస్వాది. సోలోలో తన కాపురం గురించి ఎవరు అడిగినా ముందు ఈ మాటే ఎత్తుకునేవాడు, తప్పు తనది కాదని, తన చెవులు పెరిగిన చోటు అలాంటిదని.

పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు పోయింది. తండ్రిని ఒంటరిగా వదిలి రానని పెళ్ళాం ముర్తిని ఖచ్చితంగా చెప్పేసింది. అందుకని కుస్వాదే సుత్తులూ పానాలూ వెల్డింగు సామానూ మూటగట్టుకుని సోలో వచ్చి ఇల్లరికం ఉన్నాడు. ముర్తినికి బజారులో బట్టల కొట్టు. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. కుస్వాది పెరట్లో రేకుల షెడ్డు కింద కూర్చుని కుర్రకారు బండ్లకి సైలెన్సర్లు చేసి, ఇంజన్లు ట్యూనింగు చేసేవాడు.

ఇక మామగారు. పేరు ప్రోజోసువితో. బళ్ళో గుమాస్తాగా చేసి విరమించాడు. సన్నటి మనిషి, మడత నలగని లుంగీ, గొంతు ఎప్పుడూ ఒకే మట్టం. ఆయనకి లోకంలో ఉన్న ఒకే ఒక్క వ్యసనం పిట్టలు. పెరటి చూరుకి వేలాడే పంజరంలో లాంగిట్ అనే మురాయ్ పిట్ట ఉండేది. నల్లటి ఒళ్ళు, నారింజ రంగు పొట్ట, జానెడు తోక. మురాయ్ గొప్పతనం దాని సొంత పాటలో లేదు, విన్నదాన్ని పట్టుకోవడంలో ఉంది. పిచ్చుక అరిస్తే పిచ్చుకలా, చిలకైతే చిలకలా, అన్నీ కలిపి ఒక కచేరీ చేస్తుంది. పెద్దాయన దానికి మంచి పిట్టల గొంతులు మాత్రమే వినిపించి, మిగతా చప్పుళ్ళు చెవిన పడకుండా గుడ్డ కప్పి, పసిబిడ్డలా పెంచాడు. ఊళ్ళో జరిగే పిట్టల పాటల పోటీలో దాన్ని దించాలని ఆయన కోరిక.

ఆ పెద్దాయన కుస్వాదిని "మీరు" అనేవాడు.

మొదట్లో దీనికి కుస్వాది ఎంత పొంగిపోయాడో చెప్పలేం. మా భాషలో "నువ్వు" పోయి "మీరు" వచ్చిందంటే ఒక్క మాటతో ఆగదు. తినడం, పడుకోవడం, రావడం, పోవడం, అన్నిటికీ మాటలు మారిపోతాయి. పెద్దాయన అల్లుడితో మాట్లాడితే రాజుగారి దర్బారులో మాట్లాడినట్టుండేది. కుస్వాది వాళ్ళమ్మకి ఫోను చేసి మరీ చెప్పాడు, "అమ్మా, ఇక్కడ నాకున్న గౌరవం చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి" అని. ఆవిడ ఆ సంగతి వీధంతా చాటింది.

తోడల్లుడు హందోకో వచ్చిన రోజున ఆ పొంగు కాస్తా చల్లారింది. బస్సు డిపోలో పనిచేసే లావుపాటి మనిషి. గడప దాటాడో లేదో పెద్దాయన మొహం వెలిగిపోయింది. "ఏరా, ఆ బొజ్జేంట్రా? బస్సుకి టైరు తక్కువైతే నిన్ను బిగిస్తారనుకున్నావా?" అని నవ్వుతూ వాడి వీపు చరిచాడు. తర్వాత కుస్వాది వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "అల్లుడుగారూ, మీరు కూడా దయచేసి కూర్చోండి" అన్నాడు.

ఆ సాయంత్రం కుస్వాది పెళ్ళాన్ని నిలదీశాడు. "మీ నాన్న ఆయన్ని ఏరా అంటాడేం? నన్ను మీరంటాడేం?"

ముర్తిని అన్నం వార్చుతూ నవ్వింది. "మా నాన్న ఏరా అనేది ఇంట్లోవాళ్ళని. పోస్టుమాన్ని మీరంటాడు, కరెంటు బిల్లు తెచ్చేవాణ్ణి మీరంటాడు, నిన్నూ మీరంటాడు."

"అంటే గౌరవం కాదా?"

"గౌరవమే. గౌరవమంటే అక్కడే ఆగండి అని."

అప్పటిదాకా తాను కరెంటు బిల్లువాడి పక్కన నిలబడి పొంగిపోతున్నాడన్నమాట. కుస్వాదికి తల కొట్టేసినట్టయింది. హందోకో బొజ్జ మీద అసూయ పుట్టింది. ఇంకొకడి బొజ్జ మీద అసూయపడ్డ మగాణ్ణి ఈ జావా ద్వీపంలో నేనొక్కణ్ణే అని తర్వాత తర్వాత తనే చెప్పుకుని నవ్వేవాడు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. చిన్నప్పుడే తండ్రి పోయినవాడు, ఒక మగమనిషి నోట చనువుగా "ఏరా" అనిపించుకుని ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. ఎలాగైనా సరే, ఈ ముసలాయన చేత ఒక్కసారి ఏరా అనిపించుకోవాలి. అదొక్కటే మనసులో పెట్టుకున్నాడు.

ఎలా అనిపించుకోవాలి? తనకి తెలిసిన విద్య ఒక్కటే. పెద్దాయనకి ఒక పాత మోటారుసైకిలు ఉండేది. పిట్టల సంతకి దాని మీదే వెళ్ళేవాడు. చప్పుడు లేని బండి, సత్తువా లేని బండి. వంతెన ఎక్కాలంటే పెద్దాయన దిగి పక్కన నడిచేవాడు. కుస్వాది దాన్ని చూసి, "ఈ బండిని బాగుచేసి మామగారి మనసులో పడతాను" అనుకున్నాడు. పాపం, అనుకోవడం వరకు తప్పేమీ లేదు.

ఇంజను విప్పాడు. వాల్వులు రుద్ది కూర్చోబెట్టాడు, టాపెట్లు సరిచేశాడు, కార్బొరేటరు పెట్రోల్లో నానబెట్టి కడిగాడు. అంతటితో ఆగితే ఈ కథ ఉండేది కాదు. పుర్బలింగ వాడు ఇంజను బాగుచేసి పాత సైలెన్సరే మళ్ళీ బిగించడమా? వాళ్ళ తాత ఆత్మ ఘోషించదూ? పైపులో ఇసుక దట్టించి, కాల్చి, అందమైన వంపు తీశాడు. లోపలి గొట్టానికి చిల్లులు పొడిచి, చుట్టూ గాజు దూది చుట్టి, మీద మెరిసే రేకు వేసి వెల్డింగు చేశాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఆ పనితనాన్ని మాత్రం నేను వెక్కిరించను.

కొత్త సైలెన్సర్ బిగించాక పొగ సులువుగా పోతుంది, ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెరగాలి. లేకపోతే ప్లగ్గు మొన తెల్లబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. కుస్వాది కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రాన్ని గిటారు తీగెతో కొంచెం కొంచెం పెద్దది చేస్తూ, కిక్కు కొట్టి, రేజిచ్చి, ఆపి, ప్లగ్గు విప్పి చూస్తూ ఒక వారమంతా ఆ చూరు కిందే గడిపాడు. ప్లగ్గు మొన ఇటుక రంగుకి వచ్చింది. వంతెనలేం ఖర్మ, కొండలెక్కుతుంది. ఒక్కటే లోటు మిగిలింది. వేగంలో ఉండగా యాక్సిలేటర్ వదిలేస్తే సైలెన్సర్ చివర "పట్, పట్, పటార్" అని పేలుతోంది. చిన్న జెట్టు కూడా ఒక మెట్టు పెంచి, గ్యాస్కెట్టు మారిస్తే పోయే జబ్బే అది. రేపు చేద్దాంలే అనుకుని, ముందు బండిని మామగారికి చూపించాడు.

పెద్దాయన మెట్ల మీద నిలబడి విన్నాడు. కుస్వాది రేజిచ్చి వదిలాడు. డుగ్ డుగ్ డుగ్ డుగ్, పట్, పట్, పటార్. చూరులోంచి దుమ్ము రాలింది.

"ఎంత శ్రమ తీసుకున్నారు అల్లుడుగారూ! గొంతు బాగా విచ్చుకుందండీ" అన్నాడు పెద్దాయన.

కుస్వాది ఉబ్బిపోయాడు. "ఆ చివర్లో కొంచెం పేలుతోంది మామయ్యా, అది తీసేస్తాను."

"అయ్యో, నాకోసం మీరింకా ఎందుకు శ్రమపడటం? ఇదీ బాగానే ఉంది. రోజూ పండగలా ఉంటుంది."

దాంతో కుస్వాది ఏం చేశాడు? చిన్న జెట్టు జోలికి పోలేదు. పేలుడు మామగారికి నచ్చింది మరి! ఏ మెకానికైనా సిగ్గుపడే లోపాన్ని అపురూపంగా అలాగే ఉంచేశాడు. పైగా పేలుళ్ళు వరసగా, సమానంగా పడేలా గాలి స్క్రూ అటూ ఇటూ తిప్పి మరీ సవరించాడు. రోగాన్ని ఇంత శ్రద్ధగా పోషించిన వైద్యుడు ఇంకొకడుండడు.

పెద్దాయన మాత్రం ఆ రోజునించీ బండెక్కలేదు. "నడక ఒంటికి మంచిదటండీ, బండి మీరే వాడుకోండి" అన్నాడు. కుస్వాది కళ్ళు చెమర్చాయి. మామగారు సొంత బండి చేతికిచ్చారంటే ఇక ఏరా ఎంత దూరంలో ఉంది!

వీధి కూడా మెచ్చుకుంది. పక్కింటి తుమీరా పిన్నిగారు గోడ మీదనించి, "నాయనా, మీ బండి వచ్చాక మాకు గడియారం అక్కర్లేకుండా పోయింది" అంది. "మా మనవడైతే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుని వింటున్నాడు."

"అలాగా పిన్నిగారూ! అయితే మీ గుమ్మం ముందు ఇంకో రెండు రేజులిస్తాన్లెండి, బాబు సరదాపడతాడు" అన్నాడు కుస్వాది. ఆవిడ నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మాటకి కట్టుబడే మనిషి కాబట్టి కుస్వాది రోజూ రెండు రేజులు ఇచ్చాడు.

మధ్యలో పెద్దాయన ఒకటి రెండుసార్లు, "లాంగిట్ కూడా మీ బండి మీద మనసుపడిందండీ, చెవి అటే వేస్తోంది" అన్నాడు. కుస్వాది బండిని పంజరానికి ఇంకొంచెం దగ్గరగా పెట్టాడు. పాపం పిట్ట, సరిగ్గా వినపడాలి కదా.

పోటీ ఆదివారం వచ్చింది. మైదానం ఊరి చివర. పంజరం పట్టుకుని బస్సెక్కితే పిట్ట బెదురుతుంది. నడవడానికి దూరం. "నేను తీసుకెళ్తాను మామయ్యా" అన్నాడు కుస్వాది. కాదనడానికి మర్యాద అడ్డొచ్చి పెద్దాయన వెనక కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డ కప్పిన పంజరం, పంజరం కింద సైలెన్సర్. ప్రతి మలుపులోనూ పట్, పట్, పటార్. పిట్టకి చివరి పాఠం కూడా అయిపోయింది.

మైదానంలో తాళ్ళు కట్టి, ఇనుప కొక్కేలకి పంజరాలు వరసగా వేలాడదీశారు. గుడ్డలు తీశారు. జెండాలు పట్టుకుని న్యాయనిర్ణేతలు కింద తిరుగుతున్నారు. తాడు బయట మగాళ్ళంతా ఎవరి పిట్ట పేరు వాళ్ళు గొంతు చించుకుని అరుస్తున్నారు. పెద్దాయన అరవడు. చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు మాత్రం కదుపుతూ నిలబడ్డాడు. పక్కన కుస్వాది.

లాంగిట్ ఎత్తుకుంది. ముందు చిలక, తర్వాత పిచ్చుకల గుంపు, ఆ తర్వాత అడవి పిట్ట ఒకటి సాగదీసి పాడే పాట. తోక పైకీ కిందికీ ఊపుతూ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారిపోతోంది. ఒక న్యాయనిర్ణేత ఆగాడు. ఇంకొకడు వచ్చి పక్కన నిలబడ్డాడు. జెండా పైకి లేచింది. పెద్దాయన కళ్ళలో నీళ్ళు. పక్క పంజరాల వాళ్ళు కూడా అరుపులు మాని వింటున్నారు.

అప్పుడు లాంగిట్ ఛాతీ పొంగించి, తల వెనక్కి వాల్చి, తనకి అన్నిటికన్నా నచ్చిన పాట అందుకుంది. డుగ్ డుగ్ డుగ్ డుగ్. కాస్త ఆగింది. పట్. పట్. పటార్.

మైదానం ఒక్క క్షణం చచ్చిపోయినంత నిశ్శబ్దమైంది. పిట్టకి ఆ నిశ్శబ్దం నచ్చినట్టుంది, మళ్ళీ అంది. ఎవడో వెనకనించి, "పెద్దాయనా, పిట్టకి ఎన్నో నంబరు జెట్టేయించారు?" అని అరిచాడు. అంతే, మైదానం మైదానమంతా పొట్టలు పట్టుకుంది. జెండా కిందికి దిగింది.

అప్పుడైనా కుస్వాదికి బుర్ర వెలగాలా? వెలగలేదు. అతనిలోని మెకానిక్కు ముందు లేచాడు. "అబ్బ! అచ్చం, అచ్చం అదే! రెండో పేలుడికీ మూడోదానికీ ఆ ఎడం చూశారా మామయ్యా! గాలి స్క్రూ ఒకటిన్నర చుట్టు మీద వచ్చేది అదే!" అని చప్పట్లు కొట్టాడు. జనంలో చప్పట్లు కొట్టినవాడు అతనొక్కడే.

పెద్దాయన తిరిగాడు. ఆ మొహం కుస్వాది ఎప్పుడూ చూడలేదు.

"ఒరేయ్ గాడిదా! చెవులున్నాయంట్రా నీకు? ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు ఆ దిక్కుమాలిన బండి గురించి?"

"ఎప్పుడు చెప్పారు మామయ్యా?"

"గొంతు విచ్చుకుందన్లేదూ? పండగలా ఉందన్లేదూ? ఇంతకన్నా ఎలా తిట్టమంటావురా మనిషిని! నా పిట్టని నాశనం చేశావు గదరా, ఇసక బుర్ర వెధవా!"

చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. పాపం అల్లుణ్ణి నలుగురిలో పట్టుకుని ఇలా దులిపేస్తున్నాడేమిటని జనం జాలిగా చూశారు. చూస్తే ఆ అల్లుడి మొహం వెలిగిపోతోంది. ఒరేయ్. గాడిదా. నీకు. గదరా. వెధవా. హందోకో ఇన్నేళ్ళలో కూడా ఇంత సంపాదించి ఉండడు. పిట్ట గురించి బాధపడాలని తెలుసు, పెదాలు మాత్రం చెవులదాకా సాగుతున్నాయి, ఎంత అదిమినా ఆగడం లేదు. ఆ ఇకిలింపు చూసి పెద్దాయనకి ఇంకా మండింది.

తిరుగుదారిలో కుస్వాది ఇంజను ఆపేసి బండి తోసుకుంటూ నడిచాడు. పెద్దాయన పంజరం పట్టుకుని ముందు నడిచాడు.

ఇంటికి రాగానే కుస్వాది వంటింట్లోకి పరిగెత్తి, "ముర్తినీ, మీ నాన్న నన్ను గాడిదా అన్నాడు!" అని చెప్పాడు. జరిగిందంతా విని ముర్తిని తల పట్టుకుంది.

"రోజూ పండగలా ఉంటుందన్నాడా? నీతో? ఆ మాట నాకు ముందే చెప్పొద్దూ! మా నాన్న జన్మలో అంత పెద్ద తిట్టు ఎవర్నీ తిట్టలేదు."

"మరి నడక మంచిదన్నది?"

"ఆ బండెక్కితే పరువు పోతుందని."

"తుమీరా పిన్నిగారి మనవడు?"

"ఆ పసివాడికి నిద్రల్లేక కళ్ళు గుంటలు పడ్డాయి. ఆవిడ నన్ను చూసి మొహం తిప్పుకుంటుంటే మా కొట్లో కొన్న బట్ట బాగాలేదేమో అనుకున్నాను. ఇదా సంగతి, దేవుడా!"

కుస్వాది పీట మీద కూలబడ్డాడు. మెచ్చుకోళ్ళన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ప్రతిదీ ఇప్పుడు చెంపదెబ్బలా తగిలింది. ఆ పసివాడి కోసమని తాను ప్రత్యేకంగా ఇచ్చిన రేజులు తల్చుకుంటే నేలలోకి కుంగిపోవాలనిపించింది. పెరట్లోకి వెళ్ళి పానా తీసుకుని, తన చేత్తో వంచిన ఆ అందమైన పైపుని విప్పడం మొదలుపెట్టాడు.

ఇంతలో పెద్దాయన వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, పండక్కి పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చాడు. బండికి రెండడుగుల దూరంలో ఆగి, చేతులు ముందు జోడించి, తల వంచాడు.

"అల్లుడుగారూ, పొద్దున్న మైదానంలో నోరు జారాను. వయసొచ్చింది గానీ నిగ్రహం రాలేదు. మీవంటి వారిని నలుగురిలో అనరాని మాటలన్నాను. తమరు పెద్దమనసుతో మన్నించాలి."

తమరు! మీరు కూడా కాదు, ఇంకో మెట్టు పైకి పోయింది. కుస్వాది చేతిలో పానా ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. పొద్దున్న దొరికిందంతా ఈ ఒక్క మాటతో పోయింది. సోలో మనిషైతే ఇక్కడ తల వంచి, "అబ్బే, దానిదేముందండీ" అని లోపలే కుమిలిపోయేవాడు. మావాడు పుర్బలింగ వాడు.

"నాకు మన్నించడాలొద్దు మామయ్యా. తిట్టే కావాలి."

పెద్దాయన తలెత్తాడు.

"మీరు హందోకోని ఏరా అంటారు. నన్ను కరెంటు బిల్లువాడిలా మీరంటారు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా మీరు పెట్టింది తింటున్నాను, మీ పెరట్లో పడుంటున్నాను. పొద్దున్న మీరు గాడిదా అంటే నాకు ఎంత సంతోషం వేసిందో తెలుసా? మా నాన్న పోయాక నన్నలా అన్నవాళ్ళు లేరు. మీకు దణ్ణం పెడతాను, ఇంకొక్కసారి తిట్టండి."

పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ వీధి వీధిలో ఎవరూ ఎవర్నీ ఏదీ ఇంత తిన్నగా అడిగి ఉండరు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. నిజంగానే ప్రయత్నం చేశాడు, అది నేను ఒప్పుకోవాలి.

"అడిగితే వచ్చేది కాదండీ అది" అన్నాడు చివరికి, చాలా నొచ్చుకుంటూ. తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కుస్వాది ముక్కు ఎగబీల్చి పనిలో పడ్డాడు. కంపెనీ సైలెన్సర్ దుమ్ము దులిపి తెచ్చాడు. కొత్త గ్యాస్కెట్టు వేశాడు. పెద్దది చేసిన జెట్టు తీసి కొత్తది బిగించి, గాలి స్క్రూ సరిచేశాడు. తను దిద్దిందంతా తన చేతులతోనే చెడగొట్టుకుంటున్నట్టు, కాదు, తను చెడగొట్టిందంతా దిద్దుకుంటున్నట్టు అనిపించింది. కిక్కు కొట్టాడు. బండి గుసగుసలాడింది. రేజిచ్చి వదిలాడు. పేలుడు లేదు. ఆపేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. పెరడంతా సద్దుమణిగింది.

చూరు కిందనించి లాంగిట్ గట్టిగా అంది: డుగ్ డుగ్ డుగ్ డుగ్. పట్. పట్. పటార్.

"ఒరేయ్!" అని లోపలినించి కేక. "అంత జరిగాక కూడా బుద్ధి రాలేదంట్రా నీకు? ఆపుతావా, నన్ను రమ్మంటావా?"

కుస్వాది రెండు చేతులూ పైకెత్తాడు. "నేను కాదు మామయ్యా! పిట్ట!"

పెద్దాయన అన్నం కలిపిన చేత్తోనే గడప దాటి వచ్చాడు. ఆగి ఉన్న బండిని చూశాడు. అల్లుణ్ణి చూశాడు. పంజరం వైపు చూశాడు. పిట్ట ఇంకోసారి వినిపించింది. పెద్దాయన ముందు గొంతు సవరించుకున్నాడు, టోపీ సర్దుకోబోయి చేతికి అన్నం ఉందని ఆగాడు. "తమరు" అనబోయినట్టు పెదవులు కదిలాయి. రాలేదు.

"దానికది నేర్పిందెవడు?"

"నేనే మామయ్యా."

"మరి మాన్పించాల్సిందెవడు?"

కుస్వాది పంజరం వంక చూశాడు.

"నువ్వేరా" అన్నాడు పెద్దాయన. "పెట్టుకో ఆ పీట ఇక్కడ. రోజూ పొద్దున్న దీని ముందు కూర్చుని నువ్వే ఈల వెయ్యాలి. మంచి పాట చెవిన పడీపడీ ఆ పాడు చప్పుడు మర్చిపోవాలి. ఎన్నాళ్ళు పట్టినా సరే."

"నాకు ఈల రాదు మామయ్యా."

"నాకు తెలుసు నీకేం వచ్చో. నేర్పుతాను."

మర్నాడు పొద్దున్న ఇద్దరూ పంజరం ముందు పీటలు వేసుకుని కూర్చున్నారు. పెద్దాయన సన్నగా, నీళ్ళు జారినట్టు ఒక ఈల వేశాడు. కుస్వాది పెదాలు సున్నాలా చుట్టి ఊదాడు. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. పిట్ట తల పక్కకి వాల్చి జాలిగా చూసింది.

"అలా కాదురా మొద్దూ. పక్కల్నించి గాలి పోతోంది. పెదవి బిగించు."

బిగించాడు. రెండోసారికే చక్కటి ఈల పడింది, ఆ చెవులు పాడైన చెవులేమీ కావు. పెద్దాయన తల ఊపి ఊరుకున్నాడు. కుస్వాది ఆయన మొహం వంక కాసేపు చూశాడు. మూడోసారి మళ్ళీ తప్పుగా ఊదాడు.

"ఛీ వెధవా, ఇప్పుడే కదరా బాగా వేశావు!"

వంటింటి కిటికీలోంచి చూస్తున్న ముర్తినికి ఆ తప్పు సంగతి అర్థమైంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున్న కుస్వాది ఎండెక్కేదాకా ఒక్క ఈల కూడా సరిగ్గా వెయ్యలేదు.